ఎన్ని పెనాలున్నాయో అడగండి

న్యూరెంబర్గ్‌లో మా తెలుగు సంఘం ఉగాది టికెట్లను ఓ శుక్రవారం సాయంత్రం సరిగ్గా 6 గంటలకు అమ్మకానికి పెట్టింది. హాలులో కుర్చీలు తక్కువ, రావాలనుకునేవాళ్ళు ఎక్కువ. ఒక్క నిమిషం గడిచిందో లేదో సైటు తెల్లబోయింది. మరో మూడు నిమిషాలకు వాట్సాప్ గ్రూపు ఎర్రబడింది.

"అన్నా, మేనేజ్డ్ హోస్టింగ్ తీసుకుంటే అన్నీ వాళ్ళే చూసుకుంటారన్నావుగా?" కోశాధికారి ఫోను.

"చూసుకుంటారు తమ్ముడూ, కాస్త ఆగు..."

"నిన్ననే కదా స్పీడు స్కోరు 98 వచ్చిందని స్క్రీన్‌షాట్ పెట్టావు?"

పెట్టాను. ఆ 98 అబద్ధమేమీ కాదు. కాకపోతే మేం అడగాల్సిన ప్రశ్న ఒకటి, ఆ అంకె జవాబు చెప్పిన ప్రశ్న ఇంకొకటి. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల మధ్య దూరం గురించి.

వెబ్‌సైట్ నడవాలంటే ఎక్కడో ఒక కంప్యూటర్ రాత్రింబవళ్ళు మేలుకుని ఉండాలి. ఆ కంప్యూటర్ ఒక్కటే అద్దెకు తీసుకుంటే అప్‌డేట్లు, బ్యాకప్‌లు, దొంగల కాపలా అన్నీ మన నెత్తినే. ఖాళీ ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు. జర్మనీలో ఖాళీ ఇల్లంటే నిజంగానే ఖాళీ; చాలా ఇళ్ళలో వంటగది అనే గది ఉంటుంది గానీ అందులో సింకు కూడా ఉండదు, మనమే బిగించుకోవాలి. మేనేజ్డ్ హోస్టింగ్ అంటే వంటగదితో పాటు వంటమనిషిని కూడా ఇచ్చే ఇల్లు. ఆపరేటింగ్ సిస్టమ్, పీహెచ్‌పీ వెర్షన్లు, భద్రత, రోజువారీ బ్యాకప్ వాళ్ళవి. పేజీలో రాత, బొమ్మలు మనవి.

ఈ వ్యాపారానికి జర్మనీ పెద్ద అంగడి. 1988లో మాంటబౌర్‌లో మొదలైన వన్ అండ్ వన్ ఇవాళ అయోనోస్ పేరుతో నడుస్తోంది. 1997లో మార్టిన్ హెట్స్‌నర్ బవేరియాలో పెట్టిన హెట్స్‌నర్‌కు మా ఊళ్ళోనూ, సాక్సనీలోని ఫాల్కెన్‌స్టైన్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. బెర్లిన్‌లో స్ట్రాటో, వర్డ్‌ప్రెస్ సైట్ల కోసమే మ్యూన్‌స్టర్‌లో రెయిడ్‌బాక్సెస్. డాట్ డీఈతో ముగిసే పేర్లు 1 కోటి 70 లక్షలకు పైమాటే. జర్మనీకి తొలి ఈమెయిల్ 1984 ఆగస్టు 3న కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న దేశంలో 2013 జూన్‌లో ఒబామా పక్కన నిలబడి ఏంజెలా మెర్కెల్ ఇంటర్నెట్ మనందరికీ ఇంకా 'నోయ్‌లాండ్' అన్నారు, అంటే కొత్త నేల అని. దేశమంతా నవ్వింది. హోస్టింగ్ ప్రకటనలు చదివినప్పుడల్లా ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం ఉందేమో అనిపిస్తుంది నాకు. ప్రతివాడూ తనదే అతివేగం అంటాడు, ఎక్కడ నిలబడి కొలిచాడో చెప్పడు.

దూరం చేసే పని

ఎంటర్ నొక్కాక ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. మొదట పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ విచారణ. తర్వాత బ్రౌజర్ ఆ చిరునామాకు "ఉన్నారా?" అని కబురు పంపుతుంది, సర్వర్ "ఉన్నాను" అంటుంది. ఇది టీసీపీ పలకరింపు, ఒక రాకపోక. ఆ తర్వాత రహస్యంగా మాట్లాడుకోవడానికి టీఎల్ఎస్ తాళంచెవుల మార్పిడి. 2018 ఆగస్టులో వచ్చిన 1.3 వెర్షన్ అయితే దీనికి ఒక రాకపోక చాలు, పాత 1.2 అయితే రెండు కావాలి. అప్పుడుగానీ "పేజీ ఇవ్వు" అనే అసలు మాట బయల్దేరదు. దానికి ఇంకో రాకపోక, పైగా సర్వర్ ఆ పేజీ వండే సమయం. ఇదంతా అయ్యి మొదటి బైటు చేతికొచ్చేసరికి పట్టిన కాలాన్ని టీటీఎఫ్‌బీ అంటారు. 800 మిల్లీసెకన్ల లోపుంటే బాగున్నట్టేనని గూగుల్ గీసిన గీత.

గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే శూన్యంలో పోయే వేగంలో మూడింట రెండు వంతులు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఆకాశమార్గాన దాదాపు 7,100 కిలోమీటర్లు. పోయి రావడానికి 14,200. తీగ గీత గీసినట్టు తిన్నగా ఉన్నా 71 మిల్లీసెకన్లు తప్పవు, ఏ కంపెనీ ఎంత డబ్బు పోసినా తగ్గవు. పైగా తీగ తిన్నగా ఉండదు. ఎక్కువగా మార్సెయ్ దాకా దిగి, మధ్యధరా కింద దూరి, ఈజిప్టు దాటి, ఎర్రసముద్రం మీదుగా ముంబై ఒడ్డెక్కి, అక్కణ్ణుంచి దక్కను చేరాలి. అందుకే ఒక రాకపోకకు 120 నుంచి 150 మిల్లీసెకన్లు పట్టడం మామూలు.

130 అనుకుని లెక్క వేద్దాం. సర్వర్ వంటకు 300 తీసుకుంటుందనుకుందాం. న్యూరెంబర్గ్‌లో ఉన్న నాకు రాకపోక 5 మిల్లీసెకన్లయితే మూడు రాకపోకలు 15, వంట 300, మొత్తం 315. మియాపూర్‌లో మా అమ్మ అదే పేజీ తెరిస్తే మూడు రాకపోకలు 390, వంట 300, మొత్తం 690. సర్వర్‌లో ఇంకా పాత టీఎల్ఎస్సే ఉంటే ఇంకో 130 కలిసి 820. గూగుల్ గీత దాటిపోయింది. యంత్రం అదే, వంటవాడు అదే, బిల్లు అదే. 2022 జూన్‌లో ప్రమాణంగా ఖరారైన హెచ్‌టీటీపీ 3 ఉంటే పలకరింపూ తాళాల మార్పిడీ ఒకే రాకపోకలో ముగుస్తాయి కాబట్టి అమ్మకు 130 ఆదా అవుతుంది. మేనేజ్డ్ ప్లాన్‌లో ఇలాంటి మీటలు మన చేతిలో ఉండవు. వాళ్ళు వేశారో లేదో కనుక్కోవడమే మన పని.

2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్రసముద్రం అడుగున తీగలు తెగినప్పుడు మైక్రోసాఫ్ట్ అంతటిది తన అజ్యూర్ వాడుకదారులకు ఆలస్యం తప్పదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో వాళ్ళు "సైటు నెమ్మదించింది" అనగానే హోస్ట్ మీద పడేముందు ఇలాంటి వార్త ఏమైనా ఉందేమో చూడటం మంచిది.

జర్మనీ లోపల మాత్రం దూరం పెద్ద సమస్య కాదు. దానికి ఫ్రాంక్‌ఫర్ట్ కారణం. 1995లో అక్కడ మొదలైన డీ-సిక్స్ కూడలిలో వందల నెట్‌వర్కులు ఒకదాని చేతికి ఒకటి నేరుగా సరుకు అందించుకుంటాయి. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌ల ముంగిట, ఆ కూడలి గుండా సెకనుకు 9.1 టెరాబిట్లు పారాయి. మరుసటి ఏడాది నవంబరుకు 10 దాటింది. ఆ ఊళ్ళో హనావర్ లాండ్‌స్ట్రాస్సె అనే రోడ్డు పొడవునా కిటికీల్లేని డేటా సెంటర్లు కనిపిస్తాయి. ఒకప్పుడు కేటలాగు చూసి ఉత్తరం రాస్తే ఇంటికి సామాను పంపిన నెకర్‌మాన్ కంపెనీ కొలువు ఆ దారిలోనే. అది 2012లో దివాలా తీసింది, ఆ స్థలంలో ఇప్పుడు డేటా సెంటర్ల ఆవరణ లేస్తోంది. అమ్మకమే తప్ప అంగడి లేని వ్యాపారం, తీగ మీదికి మారిందంతే.

పొట్లాలూ, పెనాలూ

ఇక వంట. నేను ఎక్కువసేపు ఉండాలనుకున్నది ఇక్కడే, ఎందుకంటే మా సైటు పడిపోయింది ఇక్కడే.

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు వంతులకు పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. వర్డ్‌ప్రెస్ పేజీ అల్మరాలో మడతపెట్టి పెట్టిన చీర కాదు. ఎవరైనా అడిగినప్పుడల్లా పీహెచ్‌పీ ప్రోగ్రాము లేచి, డేటాబేస్‌ను పదుల సంఖ్యలో ప్రశ్నలడిగి, ప్లగిన్‌లన్నిటినీ పలకరించి, అప్పటికప్పుడు కూర్చి ఇస్తుంది. దీనికి కాలం పడుతుంది. అందుకే మేనేజ్డ్ హోస్ట్‌లు ఒకసారి వండిన పేజీని దాచిపెట్టి తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే ఇస్తాయి. దీన్నే క్యాష్ అంటారు. డబ్బుకు సంబంధం లేదు, ఇంగ్లీషులో అక్షరాలు వేరు.

మన ఊళ్ళ కర్రీ పాయింట్ గుర్తు తెచ్చుకోండి. పప్పు, వంకాయ, సాంబారు పొట్లాలు కట్టి వరుసగా పెట్టి ఉంటాయి. వందమంది ఒకేసారి వచ్చినా చకచకా ఇచ్చేస్తాడు. పక్కన టిఫిన్ సెంటరుంది చూశారూ, అక్కడ ఉల్లి దోసె అడిగితే పెనం ఖాళీ అవ్వాలి, పిండి వెయ్యాలి, కాలాలి. పొట్లం కట్టి దాచడానికి వీల్లేదు. వెబ్‌సైట్లో హోమ్ పేజీ, వార్తలు, ఫొటోలు పొట్లాలు. లాగిన్, సీటు ఎంపిక, బుట్ట, డబ్బు కట్టే పేజీ దోసెలు. ఒకరి దోసె ఇంకొకరికి పెట్టలేం. కోశాధికారి బుట్టలోని టికెట్లు అధ్యక్షుల వారికి కనిపిస్తే సంఘంలో కొత్త గొడవ.

స్పీడు స్కోరు పొట్లాన్ని కొలిచింది. టికెట్ల సాయంత్రం జనం దోసెలడిగారు.

ఆ పెనాల పేరు పీహెచ్‌పీ వర్కర్లు. ఒక వర్కరు ఒకసారికి ఒకే పేజీ వండుతుంది. మీ ప్లాన్‌లో 4 ఉన్నాయనుకోండి, ఒక్కో దోసెకు అర సెకను. అంటే సెకనుకు 8. ఇది మామూలు రోజున ధారాళం. 6 గంటలకు 200 మంది ఒకేసారి నొక్కితే చివరివాడి వంతు 25వ సెకనుకు వస్తుంది. అదీ ఒక్క పేజీకే. టికెట్ కొనడానికి సీటు చూడటం, బుట్టలో వేయడం, పేరు నింపడం, డబ్బు కట్టి తిరిగి రావడం కలిపి 5 పేజీలనుకుంటే 1,000 దోసెలు, 2 నిమిషాల 5 సెకన్లు, అదీ అందరూ బుద్ధిగా వరుసలో ఉంటే. మనవాళ్ళు ఉంటారా? పేజీ తెల్లగా కనబడగానే రిఫ్రెష్ నొక్కుతారు. ఒక్కో నొక్కుడూ ఒక కొత్త ఆర్డరు. పాత ఆర్డరు మాత్రం రద్దు కాదు, తినేవాడు వెళ్ళిపోయినా పెనం మీద కాలుతూనే ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ రెండేసి ఫోన్లతో కూర్చుంటారు. కాసేపటికి ముందు నిలబడ్డ సర్వర్ విసిగి 503 అనో 504 అనో పలక తగిలిస్తుంది. మా గ్రూపులో తిరిగిన స్క్రీన్‌షాట్లలో ఉన్నది అదే.

వరుసల సంగతి వెబ్‌సైట్ల కంటే పాతది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే ఫోన్ కాల్స్ రద్దీ మీద గణితం రాశాడు. 1961లో జాన్ లిటిల్ ఒక చిన్న సూత్రం నిరూపించాడు: లోపలున్న జనం సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే కాలంతో గుణిస్తే వచ్చేదే. పై లెక్కలన్నిటికీ మూలం అది. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, దాన్ని ఒప్పుకోవడానికి మనసు మొరాయిస్తుంది. యంత్రం సగం పనిలో ఉన్నప్పుడు ఒక్కో పనికి పట్టే మొత్తం కాలం, సాదా వరుస లెక్కలో, ఖాళీగా ఉన్నప్పటికి రెండింతలు. 80 శాతం పనిలో ఉంటే ఐదింతలు. 90కి పదింతలు. 95కి ఇరవై. పని 90 నుంచి 95కి పెరగడం పైకి చిన్నదే, కానీ బయట నిలబడ్డవాడి ఎదురుచూపు రెట్టింపవుతుంది. సర్వర్లు నెమ్మదిగా నెమ్మదించవు, ఉన్నట్టుండి కూలబడతాయి. హైదరాబాద్‌లో పంజాగుట్ట కూడలి రోజూ చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు పొరుగువాళ్ళు. చవక ప్లాన్లలో ఒకే యంత్రం మీద మనతో పాటు ఎందరో కాపురం ఉంటారు. అపార్ట్‌మెంటులో నీళ్ళ ట్యాంకు ఒక్కటే. మధ్యాహ్నం 3 గంటలకు కొళాయి తిప్పితే ధార జోరుగా ఉంటుంది, ఇల్లు చూపించే బ్రోకరు మిమ్మల్ని తీసుకొచ్చేదీ అప్పుడే. పొద్దున 7 గంటలకు చూడాలి అసలు సంగతి. జర్మనీలో సైట్లకు ఆ రద్దీ వేళ రాత్రి 8 దాటాక. టీవీల్లో పెద్ద కార్యక్రమాలు 8 గంటల 15 నిమిషాలకు మొదలవుతాయి, జనం సోఫాల్లో ఫోన్లు పట్టుకుని ఉంటారు.

సగటు అనే మాయ

కొలవడం మొదలుపెట్టాక నేను చేసిన మొదటి పొరపాటు సగటు తీయడం. 100 సార్లు అడిగితే 99 సార్లు 0.2 సెకన్లలో, ఒక్కసారి 10 సెకన్లలో పేజీ వచ్చిందనుకోండి. సగటు 0.298. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఆ కాలం ఒక్కరికీ పట్టలేదు. 99 మందికి అంతకంటే బాగుంది, ఒకరికి ప్రాణం పోయింది. అందుకే వరుసలో పేర్చి చూడాలి: మధ్యలో ఉన్నది ఎంత, 95వ స్థానంలో ఉన్నది ఎంత, 99వది ఎంత. గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ఒక వ్యాసంలో వరుస చివరన ఉండే ఈ తోక సంగతి ఎత్తిచూపారు. నూటికి ఒక్కసారి మొరాయించే యంత్రాలు వంద కలిసి ఒక పని చేయాల్సి వస్తే, ఆ పని ఎక్కడో ఒకచోట ఇరుక్కునే అవకాశం 63 శాతం. టికెట్ కొనే మనిషి ఐదు పేజీలు దాటాలి కాబట్టి తోక అతనికి తగిలే అవకాశం ఐదుసార్లు వస్తుంది.

ఇంతకీ 98 స్కోరు ఎలా వచ్చింది? గూగుల్ లైట్‌హౌస్ అనే పరికరం మన పేజీని ఒక ఊహా ఫోనులో తెరిచి చూస్తుంది: రాకపోకకు 150 మిల్లీసెకన్లు, సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్, నాలుగో వంతుకు తగ్గించిన ప్రాసెసర్. నిజాయితీగల పరీక్షే. కానీ ఆ ఊహా మనిషి ఒంటరివాడు, లాగిన్ అవ్వడు, టికెట్ కొనడు. అతని మార్కుల్లో బొమ్మల బరువు, స్క్రిప్టుల బరువు పాలే ఎక్కువ. అవి మన తప్పులు, హోస్ట్‌వి కావు. గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ పేరుతో చూపేవి మాత్రం నిజమైన మనుషులు క్రోమ్‌లో తెరిచినప్పుడు 28 రోజుల్లో పోగైన కొలతలు. పెద్ద బొమ్మో రాతో కనబడేందుకు 2.5 సెకన్లు, నొక్కితే స్పందనకు 200 మిల్లీసెకన్లు, పేజీ గెంతులు 0.1 లోపు, నూటికి 75 మందికైనా ఇలా ఉండాలి. వీటిలో హోస్ట్ చెయ్యి గట్టిగా ఉండేది మొదటిదానిలోనే. పేజీలో రాత గెంతుతోందని హోస్ట్‌కి ఫిర్యాదు రాసేవాళ్ళను చూశాను, పాపం సపోర్ట్‌లో కూర్చున్న పిల్లలు.

తెలుగు సైట్లకు మరో బరువుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగులో ప్రతి అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం లోపల సకారం, తకారం, రేఫ, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిసి 18 బైట్లు. భయపడక్కర్లేదు, కుదింపు ఉంటే ఇందులో చాలా భాగం హరించుకుపోతుంది. 2016లో ప్రమాణమైన బ్రాట్లి అనే కుదింపు పద్ధతి జ్యూరిక్‌లోని గూగుల్ ఇంజనీర్ల పని. స్విస్ జర్మన్‌లో ఆ మాటకు చిన్న రొట్టె అని అర్థం. హోస్ట్ దాన్ని వేసి ఉంచాడో లేదో చూసుకోవాలి. ఒత్తులన్నిటికీ బొమ్మలు ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లీషుదాని కంటే కొన్ని రెట్లు పెద్దది.

ఆ ఫాంటు దగ్గర జర్మనీలో చట్టం కూడా అడ్డొస్తుంది. 2022 జనవరి 20న మ్యూనిక్ జిల్లా కోర్టు ఒక తీర్పిచ్చింది. ఒక సైటు గూగుల్ ఫాంట్లను గూగుల్ సర్వర్ నుంచే తెప్పించుకోవడం వల్ల చూడటానికి వచ్చినవాడి ఐపీ చిరునామా అతని అనుమతి లేకుండా గూగుల్‌కి చేరింది, కాబట్టి అతనికి 100 యూరోలు కట్టమంది. ఆ ఏడాది దేశమంతటా క్షౌరశాలల నుంచి క్లబ్బుల దాకా చిన్న సైట్లవాళ్ళకు నోటీసులు వెల్లువెత్తాయి. జర్మన్‌లో వీటిని అబ్‌మానుంగ్ అంటారు, ఆ కవరు చూస్తేనే ఇక్కడివాళ్ళకు కడుపులో దేవుతుంది. మా సైటులో మండలి ఫాంటు అలాగే గూగుల్ నుంచి వచ్చేది. ఫైలును మా సర్వర్‌లోకి తెచ్చి పెట్టుకున్నాం. చట్టానికి భయపడి చేసిన పని వేగానికీ పనికొచ్చింది: వేరే సర్వర్‌ను పలకరించి, తాళాలు మార్చుకునే రాకపోకలు తప్పాయి. "వచ్చినవాడి బ్రౌజర్ వేరే సైటులో ఆ ఫాంటును ముందే దింపుకుని ఉంటుంది కదా" అనే పాత వాదం కూడా చెల్లదు; 2020 అక్టోబరు నుంచి క్రోమ్ ఒక సైటు కోసం దాచినది ఇంకో సైటుకు ఇవ్వడం లేదు.

దుకాణంలో కొని పరీక్షించు

జర్మన్లు వాషింగ్ మెషీన్ కొనేముందు స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ ఏం చెప్పిందో చూస్తారు. 1964లో పెట్టిన ఆ సంస్థ పరీక్షించే వస్తువును కంపెనీ నుంచి అడిగి తెచ్చుకోదు, మామూలు కొనుగోలుదారులా పేరు చెప్పకుండా దుకాణంలో కొంటుంది. హోస్టింగ్‌కు ఇది మరీ అవసరం. సమీక్షకుడికని ఇచ్చిన ఖాతా ఖాళీ యంత్రం మీద ఉండొచ్చు, మనకిచ్చేది నిండిన దాని మీద. ఈ దేశంలో ఆన్‌లైన్‌లో కొన్న సేవకు వ్యక్తులైన వినియోగదారులకు 14 రోజుల్లో వద్దనే హక్కుంది. వాడుకున్న రోజులకు కొంత కట్టాల్సి రావచ్చు, కానీ ఆ రెండు వారాలే మీ ప్రయోగశాల.

నేను చేసేది ఇది. మన అసలు సైటు నకలునే కొత్త చోట ఎక్కిస్తాను. ఖాళీ వర్డ్‌ప్రెస్ ఎక్కించి కొలవడం అంటే సామాను లేని లారీని పరుగెత్తించి మైలేజీ రాసుకోవడమే. కర్ల్ అనే చిన్న పరికరంతో డీఎన్ఎస్‌కు ఎంత, పలకరింపుకు ఎంత, తాళాలకు ఎంత, మొదటి బైటుకు ఎంత అని విడివిడిగా రాయిస్తాను. అరగంటకోసారి, వారం రోజులు, రాత్రి 8 గంటల 15 నిమిషాలు తప్పకుండా కలిసేలా. ప్రతిసారీ రెండు పేజీలు: ఒకటి హోమ్ పేజీ, రెండోది క్యాష్‌లో దొరకని బుట్ట పేజీ. జవాబు పైన ఉండే హెడర్లలో 'హిట్' అని ఉందా, 'మిస్' అని ఉందా చూస్తాను. ఈ రెండో పేజీ అంకెలే నాకు ముఖ్యం. మొదటిదాంట్లో పేరున్న హోస్ట్‌లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ఆపైన రద్దీ పరీక్ష. కే6 లాంటి పరికరంతో 5 మంది, 10, 20, 40 అని పెంచుకుంటూ పోతే ఒకచోట గీత నిట్టనిలువుగా లేస్తుంది; మీ పెనాలు నిండిన చోటు అది. ఇక్కడో జాగ్రత్త. పరికరం ఒక జవాబు వచ్చేదాకా ఆగి తర్వాతి ప్రశ్న వేసే రకమైతే, సర్వర్ ఇరుక్కున్నప్పుడు అదీ మర్యాదగా ఆగిపోతుంది, లెక్క అందంగా వస్తుంది. నిజమైన జనం ఆగరు. సెకనుకు ఇన్ని అని నిర్ణయించి, జవాబు వచ్చినా రాకపోయినా పంపుతూ ఉండాలి. ఇంకా ముఖ్యమైన జాగ్రత్త: హోస్ట్‌కి ముందుగా రాసి అనుమతి తీసుకోండి. ఇతరుల యంత్రాన్ని రద్దీతో కూలదోయడం జర్మన్ శిక్షాస్మృతిలో 303బి కింద నేరం, పొరుగు కాపురాలు కూడా ఆ యంత్రం మీదే ఉన్నాయి.

ఒప్పందం చదవడం కూడా పరీక్షలో భాగమే. అందుబాటు 99.9 శాతం అని పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో తరచూ 'ఇమ్ యారెస్‌మిట్టెల్' అని కనిపిస్తుంది, అంటే ఏడాది సగటున అని. 99.9 అంటే ఏడాదిలో 8 గంటల 45 నిమిషాలు ఆగిపోయినా మాట తప్పనట్టే. ఆ 8 గంటలూ ఒకే రోజు, మీ టికెట్ల రోజే రావచ్చు; మిగతా 364 రోజులు నిక్షేపంగా నడిచిందని వాళ్ళు చూపిస్తారు. 99 శాతమే రాసి ఉంటే మూడున్నర రోజుల పైమాట. బ్యాకప్ ఉందని రాస్తే ఎక్కడుందో అడగాలి. 2021 మార్చి 10న జర్మనీ సరిహద్దుకు ఆవల, రైన్ నది ఒడ్డున స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు 36 లక్షల వెబ్‌సైట్లు మూగబోయాయి. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్నవాళ్ళకు రెండూ పోయాయి.

మా ఉగాది సంగతికి వస్తే, రెండో విడత టికెట్లను ఇంటిపేర్ల మొదటి అక్షరాన్ని బట్టి మూడు వేళల్లో తెరిచాం. యంత్రం మార్చలేదు, ప్లాన్ పెంచలేదు, ఒక్క యూరో ఖర్చు కాలేదు. వరుసను విడగొట్టామంతే. అందరూ కొనుక్కున్నారు, 'అ' నుంచి మొదలుపెట్టడం అన్యాయమని 'వ'తో మొదలయ్యే ఇంటిపేర్లవాళ్ళు ఇప్పటికీ అంటూ ఉంటారు.

హోస్ట్‌కి మాత్రం ఒక ఈమెయిల్ రాశాను. మీరు కూడా కొనేముందే రాయండి, నాలుగు ప్రశ్నలు చాలు. నా ప్లాన్‌లో పీహెచ్‌పీ వర్కర్లు ఎన్ని? అవి నిండితే వరుసలో ఉంచుతారా, వెనక్కి పంపుతారా? క్యాష్‌లో దొరకని పేజీకి మీ దగ్గర మామూలుగా ఎంతసేపు పడుతుంది? బ్యాకప్ ఏ ఊళ్ళో ఉంది? అంకెలు వస్తే కొనండి. "మా సర్వర్లు అత్యాధునికమైనవి" అని వస్తే ఏడాది డబ్బు ముందే కట్టకండి, నెలవారీ ప్లానే తీసుకోండి.